ముత్తైదువలో ముందుసగం

మొన్న నందిగామలో, మా కాలేజీలో పనిచేసే ఒకావిడ కూతురి పెళ్ళికి పసుపు దంచుతున్నామంటే వెళ్ళా. రోటికి పసుపు రాసి బొట్లు పెట్టారు. రోకలికి తమలపాకు, పసుపుకొమ్ము కట్టారు. రోట్లో కొమ్ములు పోశారు. అందరూ చుట్టూ నిలబడ్డారు గానీ ఒక్కరూ రోకలి ముట్టుకోరు. ఏమిటా అని తలెత్తితే అందరూ నా వంకే చూస్తున్నారు.

"పెద్దముత్తైదువ మీరే కదండీ. ముందు మీ చెయ్యి పడాలి" అంది పెళ్ళికూతురి తల్లి.

నా వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశా. గోడ ఉంది. యాభైకి ఇంకా ఇవతలే ఉన్నాను నేను. అక్కడున్నవాళ్ళలో నాకంటే పెద్దవాళ్ళు ఉన్నారని నాకు బాగా తెలుసు. వాళ్ళు జుట్టుకి రంగేస్తారు, నేను వెయ్యను. పెద్దరికం అలా వచ్చి నెత్తిన పడింది. ఆ మాట పైకి అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఇదివరకైతే అనేసేదాన్నే. ఈమధ్య వాదించాలంటేనే నీరసం.

రోకలి మీద చెయ్యి వెయ్యబోతూ ఆగా. జగ్గయ్యపేటలో మా ఎదురింటావిడ గుర్తొచ్చింది.

తొంభైల మొదట్లో పెళ్ళయి నేను జగ్గయ్యపేట వచ్చేటప్పటికే ఆవిడకి అరవై దగ్గర పడ్డాయి. వీధి వీధంతా పెద్దమ్మగారు అనేవాళ్ళు. అసలు పేరు నేను చాన్నాళ్ళకి గాని వినలేదు, విన్నాక కూడా వాడలేదు. పొట్టి మనిషి, గట్టి మనిషి. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. పాదాలకి ఎప్పుడు చూసినా పసుపే. ముహూర్తాల రోజుల్లో ఒకళ్ళింట్లో రాసింది ఆరకముందే ఇంకొకళ్ళింట్లో రాసేవాళ్ళు. ఆవిడ దుప్పటి ఉతికి దండెం మీద ఆరేస్తే ఏవైపు తల పెట్టుకుంటుందో, ఏవైపు కాళ్ళో వీధిలో పోయేవాళ్ళు కూడా చెప్పగలిగేవాళ్ళు.

పెళ్ళికి పసుపు దంచాలన్నా, సీమంతంలో గాజులు తొడగాలన్నా, కొత్తింట్లో పాలు పొంగించాలన్నా మొదట ఆవిడ చెయ్యి పడాలి. మొదటి తాంబూలం ఆవిడది. ఏ ఇంటికి వెళ్ళినా కుర్చీ చూపిస్తే కూర్చునేది కాదు. ముందు రోకలి చూపించమనేది. కింద తొడిగిన ఇనప పొన్ను వదులైందా, కర్ర ఎక్కడన్నా చీలిందా అని అరచేత్తో తడిమి చూసేది. ఒకసారి ఎవరింట్లోనో చీలిక గుచ్చుకుని వేలు వాచిందట. ఇంటివాళ్ళు తెగ కంగారుపడ్డారట, తన వేలు చూసి కాదు, శకునం చూసి. ఆ సంగతి చెప్పి తనే నవ్వేది.

వచ్చిపడే జాకెట్టు ముక్కలకి లెక్కలేదు. ఆవిడ కుట్టించుకోదు, ఎవరూ కుట్టించుకోరు, ఒక ఇంట్లో పెట్టింది ఇంకో ఇంట్లో పెడతారు. ఒక ఊదారంగు ముక్క అంచున ఆకుపచ్చ దారంతో చిన్న కుట్టు వేసి వదిలింది. రెండేళ్ళకి అది తాంబూలంలో మళ్ళీ ఆవిడ ఒళ్ళోకే వచ్చింది. వాయనం ఇచ్చిన ఇల్లాలి ఎదుటే దాన్ని ఎత్తి పట్టుకుని, "వచ్చావా తల్లీ, ఏయే ఊళ్ళు తిరిగొచ్చావు" అని పలకరించింది. ఆ ఇల్లాలికి ఏం అర్థమయిందో తెలీదు గానీ మేం నవ్వాపుకోలేక దొడ్లోకి పరిగెత్తాం.

ఇంతకీ ఈ పెద్దముత్తైదువగారి మొగుడు ఆవిడ దగ్గర లేడు.

నేను రావడానికి చాలా ఏళ్ళ ముందే ఆయన నందిగామ వెళ్ళిపోయి అక్కడ ఇంకొకావిడతో ఉంటున్నాడు. మోటార్లకి వైండింగు చేసే షాపు పెట్టుకున్నాడు. గొడవలు, పంచాయితీలు ఏవో జరిగి ముగిసిపోయాయట. ఇల్లు మాత్రం ఈవిడ పేరున ఉంది. ఆయన్ని ఆవిడ ఎప్పుడూ 'మావారు' అనేది కాదు, 'ఆయన' అని కూడా అరుదు. 'నందిగామ' అనేది. నందిగామకి జలుబట. నందిగామకి కళ్ళజోడు వచ్చిందట. ఊరికి జలుబేమిటని నేను మొదట్లో తెల్లబోయేదాన్ని.

వీధికి ఇవేం అడ్డం కాలేదు. మనిషి ఎక్కడున్నాడన్నది లెక్క కాదు, ఉన్నాడా లేదా అన్నదే లెక్క. నేను నందిగామ కాలేజీలో తెలుగు లెక్చరరుగా చేరాక వీధికి నావల్ల ఒక ఉపయోగం కలిగింది. ఎవరింట్లోనైనా ముహూర్తం పెట్టుకుంటే ఆ వారమంతా నేను బస్సు దిగీ దిగకముందే ఆయన కనిపించాడా అని అడిగేవాళ్ళు. షాపు నేను నడిచే దారిలోనే. కనిపించాడంటే ఇంక నిశ్చింతగా లడ్డూలకి శనగపిండి పట్టించుకునేవాళ్ళు. ఒక మగవాడు ఊపిరి పీలుస్తున్నాడో లేదో రోజూ చూసి వచ్చి చెప్పడానికా నేను ఎం.ఏ. చదివింది అని మండిపడేదాన్ని. మండిపడుతూనే చూసి వచ్చేదాన్ని.

ఆవిడకి ఇదంతా తెలుసు. సాయంత్రం నేను గేటు తీస్తుంటే అరుగుమీంచి కేకేసేది. "ఏమే, నా ఐదోతనం షట్టర్ తీసుందా ఇవాళ?"

తీసుందనేదాన్ని. అయితే సుగుణని బెంగపడొద్దని చెప్పు అనేది.

సుగుణక్కది ఆవిడ పక్క వరసలో కాదు, మా వరసలో, మాకు రెండిళ్ళ అవతల. పెద్దమ్మగారి అరుగు అక్కణ్ణించి ఏటవాలుగా కనిపిస్తుంది. వీధిలో పెళ్ళి పేరంటాలకి ఎవర్ని పిలవాలి, ఎవర్ని మానాలి అన్నది సుగుణక్క చేతిలోనే ఉండేది. నాకూ ఆవిడకీ క్షణం పడేది కాదు, క్షణం గడిచేది కాదు.

ఒక శ్రావణ శుక్రవారం పేరంటంలో ముత్తైదువ అనే మాట మీద గొడవొచ్చింది. గొడవ నాదే అనుకోండి. సుగుణక్క, ముత్యంలాంటి ఆడది కాబట్టి ముత్తైదువ అంది. పెద్దమ్మగారు, అది కాదే, పసుపు, కుంకుమ, గాజులు, మట్టెలు, సూత్రాలు, ఐదూ ఉన్నది కాబట్టి ఐదువ అంది. నేను ఊరుకోవచ్చుగా. ముత్యమూ కాదు, ఐదు అంకే కాదు అన్నా. ముత్త అంటే పెద్ద అని, ముత్తాతలో ఉన్నది అదేనని, ముదుసలి కూడా ఆ ఇంటిదేనని చెప్పా. ఐదువ అంటే సంస్కృతంలో అవిధవ, మొగుడు పోనిది, అది జనం నోట్లో నలిగి నలిగి ఐదువ అయిందని మాకు పాఠం చెప్పారన్నా. అంటే వయసు మళ్ళినది, మొగుడున్నది. మాటలో ఇంతకుమించి ఏ బంగారమూ లేదన్నా. అక్కడితో ఆగానా? పేపర్లో ముసలి నాయకుల్ని కురువృద్ధుడని రాస్తారు చూడండి, ఆ మాట మొదట ఎవరికి అన్నారో ఆయనకి అసలు పెళ్ళే కాలేదు, మగవాడి పెద్దరికానికి పెళ్ళాం ఊసే అక్కర్లేదు, మన పెద్దరికానికి మాత్రం ఇంకొకడి ఊపిరి కావాలన్నా.

పేరంటానికి వచ్చినవాళ్ళు శనగలు నమలడం ఆపేశారు. మొగుడున్నవాళ్ళ మధ్య కూర్చుని ఆ మాటలేమిటని సుగుణక్క నా మోకాలు గిల్లింది. పెద్దమ్మగారు మాత్రం ఒక కాలు చాపుకుని గోడకి ఆనుకుంది.

"అయితే మాటలో ముందుసగం నాదన్నమాట. అది ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. వెనకసగమే నందిగామలో ఉంది" అంది.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వి, పసుపు రాయించుకోవడానికి ఇంకో కాలు కూడా చాపింది.

ఆ కాళ్ళు ఆవిడకి బరువనే సంగతి నాకు మెల్లిగా అర్థమైంది. వైశాఖంలో ఒకే పూట రెండు మూడు ఇళ్ళు. ఎండలో నడిచి వెళ్ళాలి, నిలబడి దంచాలి, దంచేటప్పుడు పాట కూడా తనే ఎత్తుకోవాలి. సాయంత్రానికి మడమలు వాచి ఉండేవి. ఒకరోజు నేను మజ్జిగ తీసుకెళ్తే తాగి, ఈ కాళ్ళు నావి కాదే, ఊరివి అంది. మానెయ్యరాదా అన్నా. మానేస్తే ఆయన వెళ్ళిపోయినప్పుడే పోయినట్టు కదా, ఇది ఒక్కటీ మిగుల్చుకున్నా అంది. ఏడుపుగా కాదు. బజారునించి తెచ్చిన సంచీ కింద పెడుతూ మాట్లాడినట్టు.

తొంభైలు అయిపోవస్తుండగా సుగుణక్క పెద్ద కూతురి పెళ్ళి కుదిరింది. వీధికి అడ్డంగా పందిరి వేశారు. మా అబ్బాయికి జ్వరమని మూడురోజులు సెలవు పెట్టి, పొద్దున్నే పసుపు దంచడం అనగా ముందురోజు కాలేజీకి వెళ్ళి సాయంత్రం వస్తున్నా. నందిగామలో ఆ షాపు షట్టర్ కిందికి వేసి ఉంది. తాళానికి ఎవరో వేపమండ గుచ్చారు. పక్కన పంక్చర్లు వేసే అతన్ని అడిగా. ఆయన పోయి మూడురోజులైందన్నాడు, నిద్రలోనేనట.

బస్సులో, దారిలో చిల్లకల్లు ఊరు వచ్చేదాకా నేను ఏ ఆలోచనా చేసినట్టు గుర్తులేదు. దిగి వీధిలోకి వస్తుంటే పందిరి కింద సుగుణక్క ఎప్పట్లాగే కళ్ళతో అడిగింది. చెప్పా. నన్ను చెయ్యి పట్టుకుని నీళ్ళ డ్రమ్ముల వెనక్కి లాక్కుపోయింది.

మా వైపు చావు మైల విన్నప్పట్నించే. దూరాన ఎవరన్నా పోతే కబురు చెవినపడ్డ పూట తలకి పోసుకుంటారు, పడేదాకా ఏ పట్టింపూ లేదు. సుగుణక్క దాన్ని పట్టుకుంది. ఆవిడ చెవిన పడలేదు, కాబట్టి ఆవిడ ఇంకా ముత్తైదువే, ఈ రెండురోజులూ నువ్వు నోరు విప్పకు అంది. ఆవిడ చెవులు మూస్తే చచ్చినవాడు లేచొస్తాడా అన్నా. మీ అవసరం తీరేదాకా ఆవిడ మొగుణ్ణి బతికిస్తారా అన్నా. నాకు నోరు లేస్తే ఎక్కడ ఆగాలో తెలీదు. సుగుణక్క నన్ను తిట్టలేదు. అదే వింత.

"నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు పసుపు దంచింది ఆవిడే. దీని పెళ్ళికీ ఆవిడే దంచాలి. రేపు తెలిశాక ఆవిణ్ణి ఇంక ఎవరు పిలుస్తారే? నువ్వు పిలుస్తావా?"

మా వాడు అప్పటికి ఇంకా పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నాడు, వాడి పెళ్ళి ఎక్కడో ఉంది. అయినా రోడ్డు దాటి పెద్దమ్మగారింటికి వెళ్ళా. ఎవరో ఒకళ్ళు చెప్పాలి కదా.

మోకాళ్ళ నొప్పి అని ఆవిడ రెండురోజులుగా బయటికి రావడం లేదు. లోపలి గదిలో గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. లైటు వెయ్యలేదు. జుట్టు విరబోసి ఉంది.

"షట్టర్ తీసుందా?" అంది. నేను లైటు స్విచ్చి కోసం గోడ తడుముకున్నా. "చెప్పొద్దులే. మొన్ననే తెలిసింది."

నందిగామ ఆవిడే వచ్చిందట, పొద్దున్నే మొదటి బస్సులో. గేటు బయట నిలబడి లోపలికి రావచ్చా అని అడిగిందట. ఆయన తరఫు బంధువులు ఆవిణ్ణి కర్మ చేసే చోటికి రానివ్వడం లేదట, కట్టుకున్నది కాదు కాబట్టి పదో రోజు గాజులు తియ్యడానికి కూడా పనికిరాదన్నారట. ఆయన మంచాన పడ్డప్పుడల్లా చేసింది నేనే కదా, పోయాక నేను ఏమీ కానా అక్కా అని ఏడ్చిందట.

"కాపురం చేసినదానికే తీస్తారు, నువ్వే తీయించుకో, అడ్డమొస్తే నా పేరు చెప్పమన్నా. కాఫీ ఇచ్చా. తాగి వెళ్ళింది" అంది పెద్దమ్మగారు.

అప్పుడు నేను మొదలెట్టా. రేపు మీరు రావాల్సిందే అన్నా. మాటలో ముందుసగం మీదని మీరే అన్నారు, ఈ వీధిలో మీకంటే పెద్ద ఎవరూ లేరు, ఆ సగం నందిగామ పట్టుకుపోలేదు, ఎవరేమన్నా నేను పందిట్లో నిలబడి మాట్లాడతా అన్నా. ఇంకా చాలా అన్నా. ఆవిడ అంతా విని నా చేతిమీద చెయ్యి వేసింది.

"వాదన నువ్వే గెలుస్తావే. రోకలి ఎత్తాల్సింది నేను."

విరబోసిన జుట్టు ముడి వేసుకుంటూ అంది. "అలిసిపోయానే. ఇన్నేళ్ళూ రోజూ ఆయన చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నా. ఆయన మీద ప్రేమతో కాదు. ఈ వీధిలో మొదటి తాంబూలం పోకూడదని. తమలపాకులకి అంత దణ్ణం అవసరమంటావా?"

ఇంతలో సుగుణక్క వచ్చింది. చేతిలో కుంకుమభరిణె, పళ్ళెంలో పసుపు. బొట్టు పెట్టి పిలవడానికి. నన్ను చూసి గడపలో ఆగి, నా మొహంలో ఏం కనిపించిందో, లోపలికే వచ్చి పెద్దమ్మగారి ఎదురుగా కూర్చుంది. కుంకుమ వేలికి అద్దుకుంది.

"సుగుణా, నాకేమన్నా చెప్పేదుందా?" అంది పెద్దమ్మగారు.

"పొద్దున ఆరున్నరకి పెద్దమ్మా. మీరు ముందు రావాలి."

వేలు గాల్లో ఉంది. పెద్దమ్మగారు నుదురు ముందుకి వంచలేదు.

"మొన్ననే తలకి పోసుకున్నానే" అంది.

సుగుణక్క వేలు దించి, కుంకుమ తన కొంగుకే తుడుచుకుంది. లేతరంగు చీర. ఆ మరక ఇంక పోదని నాకు ఆ సమయంలో ఎందుకు తోచిందో. మీ చెయ్యి పడకపోతే ఎలా పెద్దమ్మా అని ఏడవడం మొదలెట్టింది. ఆ ఏడుపు నిజమే. సుగుణక్క మీద నా దగ్గర ఎన్ని మాటలున్నా అది నిజమని రాయకపోతే అబద్ధమవుతుంది.

పెద్దమ్మగారు ఏడవలేదు, ఓదార్చనూ లేదు. దొడ్లో నా రోకలి ఉంది, పొన్ను గట్టిది, పట్టుకెళ్ళు అంది. అడిగినవాళ్ళకి మోకాళ్ళని చెప్పు అంది. చచ్చిన మాట పెళ్ళయ్యేదాకా పందిట్లోకి తేవద్దని నా వంక చూసి మరీ చెప్పింది.

పొద్దున ఆరున్నరకి పందిట్లో అందరం చేరాం. పెద్దమ్మగారు ఏరంటే మోకాళ్ళంది సుగుణక్క. మరి ముందు ఎవరు? ఒకావిడ ఇంకొకావిణ్ణి చూపించింది. ఆ ఇంకొకావిడ, నాకేమంత వయసొచ్చింది, మా ఆడపడుచే నాకంటే పెద్దది అని మూతి ముడుచుకుంది. రోకలి రోటికి ఆనించి ఉంది. ఊళ్ళో బరువంతా అందులోనే ఉన్నట్టు ఎవరూ దాని దగ్గరికి పోరు. పురోహితుడు గడియారం చూపించి దగ్గుతున్నాడు. సుగుణక్క మాత్రం ఎవర్నీ చూడటం లేదు. వీధికి అవతల అరుగు వంక చూస్తోంది.

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మగారు గుమ్మం పట్టుకుని మెల్లిగా దిగి అరుగు మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. నుదుట ఏమీ లేదో, చిన్న చుక్క ఉందో ఇంత దూరానికి తెలియడం లేదు. రోడ్డు దాటి రాలేదు. వచ్చే ఉద్దేశమూ లేదు. అయినా మేం అందరం రోకలి వదిలేసి ఆవిడ వంకే తిరిగాం.

"ఏం చూస్తున్నారే అలా? మొదలెట్టండి, ఎండెక్కుతోంది" అని కేకేసింది.

రోకలి లేచింది, పోటు పడింది. ఎవరి చెయ్యి ముందు పడిందో నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. అందరం అటే చూస్తున్నాం.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ ఆ తర్వాత వీధిలో జరిగిన పెళ్ళిళ్ళకి ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. రావద్దని ఎవరూ అనలేదు కూడా. శుభలేఖ గేటులో పడేసి వెళ్ళిపోయేవాళ్ళు. సుగుణక్క రెండో కూతురి పెళ్ళి కల్యాణమంటపంలో చేసింది, అక్కడ ఎదురుగా అరుగే లేదు. మొదట్లో నేను ఇంటింటికీ వెళ్ళి దెబ్బలాడా. తర్వాత కనిపించినప్పుడు ఎత్తిపొడిచి ఊరుకునేదాన్ని. తర్వాత అదీ మానేశా. నందిగామ ఆవిడ మాత్రం అప్పుడప్పుడూ ఆదివారం పూట వచ్చేది. ఇద్దరూ వెనక వరండాలో కూర్చుని చిక్కుళ్ళు వలుచుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళో నేను వెళ్తే ఆపేసేవాళ్ళు.

ఆయన పోయిన మరుసటేడు ఎండాకాలం ఒక మధ్యాహ్నం వెళ్తే నిద్రపోతోంది. వైశాఖంలో పగటిపూట ఆవిడ పడుకోగా చూడటం నాకు అదే మొదలు. పాదాలు దుప్పటి బయట ఉన్నాయి. చామనచాయ పాదాలు, మడమల్లో నల్లటి పగుళ్ళు. ఎవరివో అనుకున్నా ఒక్క క్షణం. నేను చూస్తున్నది తెలిసినట్టు కళ్ళు విప్పింది.

"ఊరు తిరిగిచ్చేసిందే. ఇప్పుడు నావే" అని పక్కకి తిరిగి మళ్ళీ పడుకుంది.

ఆ మాటలో సంతోషం ఉందా, బాధ ఉందా అని నేను చాలాసార్లు తర్కించుకున్నా. తేలలేదు. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది, ఇంక అడగడానికి లేదు.

మొన్న నందిగామలో రోకలి మీద చెయ్యి వేసే ముందు పొన్ను తడిమి చూశా. కొంచెం వదులుగా ఉంది గానీ ఈ పూటకి ఆగుతుంది. అందరూ నా వంకే చూస్తున్నారు. నా వెనకసగం ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉంది, దానికి ఢోకా లేదు. వాకిట్లోంచి ఎదురిల్లు కనిపిస్తోంది. అరుగు లేదు. గేటు, లోపల కవరు కప్పిన కారు. అటునించి ఎవరన్నా కేకేస్తారేమోనని ఒక్క క్షణం ఆగా. ఎవరూ వెయ్యలేదు.

"ఏం చూస్తున్నారండీ అలా? మొదలెట్టండి, ఎండెక్కుతోంది" అన్నా నేనే.

అన్నాక, ఎత్తాల్సింది కూడా నేనే.